తాళం వేసినా తెరుచుకునే మ్యాపులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే గోడు: "నేను చేసిన మ్యాప్ ఎవరో ఎత్తుకుపోయారు." (మ్యాప్ అంటే కంప్యూటర్ గేములో ఆడుకోవడానికి మనమే కట్టుకునే లోకం.) అందుకని ఫోన్ గేముల ప్రశ్నలు వచ్చే నెలకి నెట్టేశాను. అలిగినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: సార్, వార్‌క్రాఫ్ట్ 3లో గోల్కొండ కోట మీద టవర్ డిఫెన్స్ మ్యాప్ చేశాను. శత్రువులు ఫతే దర్వాజా నుంచి వస్తారు, బాలాహిస్సార్ చేరేలోపు ఆపాలి. సెకండియర్ సెలవులన్నీ దీనికే పోయాయి. ఇప్పుడు అదే మ్యాప్ వేరేవాడి పేరుతో తిరుగుతోంది. పైగా చాట్‌లో ఏదో మాట కొడితే బంగారం వచ్చిపడే చీట్ కూడా పెట్టారు. మ్యాపులు తయారుచేసే ఎడిటర్‌లో తెరుచుకోకుండా ప్రొటెక్ట్ చేసే వదిలాను. అయినా ఎలా తెరిచారు?
– బీటెక్ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: తమ్ముడూ, నీ మ్యాప్‌కి జరిగినవి రెండు. ఒకడు నకలు కొట్టాడు. ఇంకొకడు, వాడే కావచ్చు కూడా, కల్తీ చేశాడు. నువ్వు వేసిన తాళం మొదటిదాన్ని కాస్త ఆలస్యం చేస్తుందేమో గానీ, రెండోదానికి అది అసలు అడ్డే కాదు.

నీ డబ్ల్యూ3ఎక్స్ ఫైల్లో (నీ మ్యాప్ ఉండేది ఇందులోనే) ముందు 512 బైట్లు హెడర్, అంటే ఫైల్ తలకట్టు. 'హెచ్‌ఎం3డబ్ల్యూ' అనే నాలుగక్షరాలతో మొదలవుతుంది. మ్యాప్ పేరు, ఆటగాళ్ళ సంఖ్య అందులో ఉంటాయి. ఆ వెనక ఉన్నదంతా ఎంపీక్యూ అనే ఆర్కైవ్, అంటే చాలా ఫైళ్ళు కట్టిపెట్టిన మూట. దాన్ని విప్పితే నేల ఎత్తుపల్లాలు ఒక ఫైల్లో, యూనిట్ల లెక్కలు ఒక ఫైల్లో, మాటలన్నీ ఇంకో ఫైల్లో బయటపడతాయి. మనకి కావాల్సినవి రెండే. ఎడిటర్‌లో నువ్వు మౌస్‌తో పేర్చుకున్న ట్రిగ్గర్లు ('ఇది జరిగితే అది చెయ్యి' అనే ఆదేశాలు) డబ్ల్యూటీజీ ఫైల్లో ఉంటాయి. సేవ్ కొట్టగానే ఎడిటర్ వాటిని జాస్ అనే ప్రోగ్రామింగ్ భాషలోకి మార్చి వార్3మ్యాప్ డాట్ జె అనే ఫైల్లో రాస్తుంది. ఆట నడిచేటప్పుడు గేమ్ చదివేది ఈ జె ఫైల్ని. డబ్ల్యూటీజీ వంక కన్నెత్తి కూడా చూడదు.

ప్రొటెక్టర్లు, అంటే మ్యాప్‌కి తాళం వేసే ప్రోగ్రాములు, బతికేది ఈ సందులోనే. గేమ్‌కి అక్కర్లేని డబ్ల్యూటీజీని పీకేస్తే ఎడిటర్‌కి దిక్కు తోచదు. తర్వాత జె ఫైల్లో పేర్లు మార్చేస్తాయి: 'యూడీజీ_బంగారంబోనస్' అని నువ్వు పెట్టుకున్నది 'ఏ7' అయిపోతుంది. ఎంపీక్యూ లోపలి ఫైళ్ళ పేర్ల జాబితాని కూడా చెరిపేస్తాయి. చూడ్డానికి ఘనంగానే ఉంటుంది. కానీ వార్3మ్యాప్ డాట్ జె అన్న పేరు ప్రతి మ్యాప్‌లోనూ అదే, లోకమంతటికీ తెలుసు. జాబితా లేకపోయినా ఆ పేరు చెప్పి అడిగితే ఆర్కైవ్ బయటికి ఇచ్చేస్తుంది. ఆ పేరు మారిస్తే గేమ్ కూడా చదవలేదు. గోల్కొండ సంగతి నీకు నేను చెప్పాలా! 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించినా లొంగని కోటకి లోపలివాడొకడు లంచం తిని తలుపు తీశాడు. ఇక్కడ తలుపు తీసేది గేమే, లంచం కూడా అడగదు.

ఇక చీట్ పెట్టేవాడికి ఎడిటరే అక్కర్లేదు. జె ఫైల్ బయటికి తీస్తాడు, అందులో 'మెయిన్' అనే ఫంక్షన్ వెతుకుతాడు. ఆట మొదలవగానే నడిచేది అదే. దాని చివర ఇంకో ఫంక్షన్‌ని పిలుస్తాడు. ఆ ఫంక్షన్ ఆటగాళ్ళందరి చాట్‌నీ వింటూ కూర్చుని, రహస్య పదం పడగానే ఆ మనిషికి బంగారం పెంచుతుంది. మళ్ళీ ఫైల్ లోపల పెట్టేస్తాడు. చేయి తిరిగినవాడికి చాయ్ చల్లారేలోపు అయ్యే పని. నీ పేర్లన్నీ ఏ7, బి12 అయిపోయినా వాడికేం నష్టం లేదు, నీ కోడ్ వాడు చదవనే చదవలేదు.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో నెట్ సెంటర్ నడిపిన రోజుల్లో ఇది రోజూ చూసేవాణ్ణి. కోచింగ్ ఎగ్గొట్టి వచ్చే కుర్రాళ్ళు పెన్‌డ్రైవ్‌లో వార్‌క్రాఫ్ట్ 3లో ఆడే డోటా మ్యాప్ తెచ్చేవాళ్ళు. ఫైల్ పేరు అదే, వెర్షన్ నంబరు అదే, సైజులో మాత్రం కొన్ని కేబీలు తేడా. కథంతా ఆ కేబీల్లోనే. అందుకే కొట్టు కట్టేసేముందు మ్యాపుల ఫోల్డర్ మొత్తం తుడిచి, నా సీడీలోంచి మళ్ళీ కాపీ వేసేవాణ్ణి. వార్‌క్రాఫ్ట్‌లో ఆట ఏ ఒక్క సర్వర్‌లోనో నడవదు. అందరి కంప్యూటర్లూ అదే ఆటని పక్కపక్కన నడుపుతూ, క్లిక్కులు మాత్రం ఒకదానికొకటి చెప్పుకుంటాయి. కాబట్టి అందరి దగ్గరా ఫైల్ ఒక్కటే అయ్యుండాలి. లేనివాడికి హోస్ట్ (ఆట గది తెరిచినవాడు) దగ్గరున్నది డౌన్‌లోడ్ అవుతుంది. హోస్ట్ దగ్గర కల్తీ ఫైల్ ఉంటే ఆ గదిలో అందరూ కల్తీనే ఆడతారు. ఆటకి తేడా తెలీదు, ఎందుకంటే తేడానే లేదు.

మరి చెయ్యాల్సిందేమిటి? తాళం వెయ్యొద్దని నేననను. లోడింగ్ స్క్రీన్ మీద పేరు మార్చి వదిలేద్దామనుకునే బద్ధకస్తుణ్ణి అది ఆపుతుంది, అలాంటివాళ్ళే ఎక్కువ. దానితో వచ్చే ఆప్టిమైజర్ ఫైల్ సైజు కూడా తగ్గిస్తుంది. ఆన్‌లైన్ మ్యాపులకి 4 ఎంబీ, తర్వాత 8 ఎంబీ పరిమితి ఉన్న కాలంలో చాలామంది దాన్ని సైజు కోసమే వాడేవాళ్ళు. కానీ తాళం వేసిన కాపీ ఊళ్ళోకి, తాళం లేని అసలు నీ దగ్గర, రెండు వేరువేరు చోట్ల ఉండాలి. హార్డ్‌డిస్క్ పోయి, తాళం వేసిన ఫైల్ ఒక్కటే మిగిలి, తన మ్యాప్‌ని తెరిపించుకోవడానికి అందరి కాళ్ళావేళ్ళా పడ్డ కుర్రాడు నాకు తెలుసు. దొంగల కోసం చేసిన, తాళం విప్పే డీప్రొటెక్టరే చివరికి అతనికి దిక్కయింది.

కల్తీని పట్టుకోవడానికి నిజంగా పనికొచ్చేది లెక్క. నీది టవర్ డిఫెన్స్. బంగారం ఎక్కణ్ణుంచి వస్తుందో నీకు పైసాతో సహా తెలుసు: చంపిన శత్రువుకింత, లెవెల్ దాటితే ఇంత, టవర్ అమ్మితే ఇంత. ఆ జమాఖర్చు నువ్వూ ఒక వేరియబుల్‌లో రాసుకుంటూ పో. ఆటగాడి చేతిలో ఉన్నది నీ లెక్క దాటితే ఏదో కలిసిందన్నమాట. దొరకగానే గెంటెయ్యకు. గెంటేస్తే ఏ లైను పట్టించిందో వాడికి అక్కడికక్కడే తెలిసిపోతుంది. పది లెవెల్స్ పోనిచ్చి, శత్రువుల ప్రాణం కాస్త కాస్త పెంచుతూ రా. అలాగే ముఖ్యమైన యూనిట్ పేరుని గెట్‌ఆబ్జెక్ట్‌నేమ్ అనే ఫంక్షన్‌తో చదివి, నువ్వు పెట్టిందేనా అని చూసుకో. ఈ తనిఖీలన్నీ ఒకే చోట పేర్చొద్దు, నాలుగు ఫంక్షన్లలో కలిసిపోయి ఉండాలి. పేర్లు ఏ7, బి12గా మారడం నిజంగా ఉపయోగపడేది ఇక్కడే: ఏ లైను తనిఖీదో, ఏది ఆటదో విడదీయడానికి వాడు కూర్చుని చదవాల్సి వస్తుంది. ఓపికున్నవాడు అదీ చదువుతాడు, కాదనను.

ఇంకో పని ఈ రాత్రే చెయ్యి. నువ్వు ఊళ్ళోకి వదిలే ఫైల్‌కి ఎస్‌హెచ్‌ఏ-256 సంకేతం తీసి, డౌన్‌లోడ్ పెట్టిన చోటే పక్కన రాయి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సర్ట్‌యుటిల్‌ని హ్యాష్‌ఫైల్ ఆప్షన్‌తో, ఫైల్ పేరు తర్వాత చివర ఎస్‌హెచ్‌ఏ256 అని చేర్చి నడిపితే 64 అక్షరాల వరస వస్తుంది. ఫైల్లో ఒక్క అక్షరం మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. సామాన్య ఆటగాడు దాన్ని సరిచూసుకోడు. కానీ గేములు హోస్ట్ చేసేవాళ్ళు చూసుకుంటారు, నీకు కావాల్సింది వాళ్ళే.

చివరగా, బాలాహిస్సార్ వెనక కెమెరా వెళ్ళని మూల ఉంటుంది కదా, అక్కడ బండరాళ్ళతో నీ ఇంటిపేరు పేర్చు. ఏదో ఒక టవర్ ప్రాణం 1500 కాకుండా 1591 అని పెట్టు. పేరు మార్చేవాడు లోడింగ్ స్క్రీన్ చూస్తాడు గానీ రాళ్ళ వరస చూడడు. రేపు "ఇది నాది" అని వాడంటే, కెమెరా అటు తిప్పి ఇవేమిటో చెప్పమను.

ప్రశ్న: కౌంటర్‌స్ట్రైక్ సోర్స్ మ్యాప్‌లో 'నో డీకాంప్' అని 1 పెడితే ఎవరూ విప్పలేరట, నిజమేనా?
– దిల్‌సుఖ్‌నగర్

జవాబు: డీకంపైలర్ (తయారైన మ్యాప్‌ని వెనక్కి విప్పే ప్రోగ్రాం) రాసినవాడు పెద్దమనిషైతే నిజమే. అది తాళం కాదు, "దయచేసి విప్పొద్దు" అన్న బోర్డు. ఆ బోర్డుని లెక్కచెయ్యని పనిముట్లూ ఉన్నాయి. బీఎస్‌పీలోంచి (ఆటగాళ్ళకి ఇచ్చే తయారైన ఫైల్) వెనక్కి తీసిన వీఎంఎఫ్ (ఎడిటర్‌లో కట్టే ఫైల్) మాత్రం నీ అసలంత శుభ్రంగా ఉండదు. నువ్వు పెట్టుకున్న విజ్‌గ్రూపులు (ఎడిటర్‌లో కట్టడాలని విడదీసి పెట్టుకున్న గుంపులు) పోతాయి, గోడలు చిన్న చిన్న ముక్కలై కనబడతాయి. అందుకే అసలు వీఎంఎఫ్ ఎవరి దగ్గరుందో వాళ్ళే కట్టారని చెప్పడం తేలిక. మ్యాప్‌లో పొదిగిన టెక్స్చర్ల (గోడల మీద అతికించే బొమ్మల) మీద ఆశ వదులుకో, అవి బీఎస్‌పీ లోపల మామూలు జిప్‌గానే ఉంటాయి. కల్తీ భయం మాత్రం ఇక్కడ తక్కువ. ఆటగాడి దగ్గరున్న మ్యాప్ సర్వర్ దానితో సరిపోకపోతే, తేడా ఉందని చెప్పి బయటికి పంపేస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. స్నేహితులతో కలిసి మైన్‌క్రాఫ్ట్‌లో చార్మినార్ కట్టాడు, నాలుగు వైపులా గడియారాలతో సహా. సర్వర్ వాళ్ళలో ఒకరి ఇంట్లో ఉంది. పోయిన ఆదివారం ఎవరో లోపలికొచ్చి టీఎన్‌టీతో సగం పేల్చేశారు. విచిత్రమేమిటంటే ఆ పని మా వాడి పేరుతోనే జరిగిందట. స్నేహితులు వీణ్ణే అనుమానిస్తున్నారు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదని ఏడుస్తున్నాడు.
– గృహిణి, సైనిక్‌పురి

జవాబు: మీ వాడు నిజమే చెప్తున్నాడమ్మా. పాస్‌వర్డ్‌తో పనే పడి ఉండదు.

సర్వర్ ఉన్న పిల్లాణ్ణి సర్వర్ డాట్ ప్రాపర్టీస్ అనే ఫైల్ తెరవమనండి. అందులో 'ఆన్‌లైన్ మోడ్' అనే లైను ఉంటుంది. దాని ఎదురుగా 'ఫాల్స్' అని ఉంటే సంగతి తేలిపోయినట్టే. గేమ్ కొనని స్నేహితుల కోసం పిల్లలు చాలాచోట్ల అలా పెట్టేస్తారు. అప్పుడు సర్వర్ ఖాతా నిజమా కాదా అని పైన ఎవర్నీ అడగదు, వచ్చినవాడు ఏ పేరు చెప్తే ఆ పేరు నమ్ముతుంది. మీ వాడు ఆపరేటర్ (సర్వర్ మీద అధికారం ఉన్న ఆటగాడు) అయితే, వాడి పేరు చెప్పినవాడూ ఆపరేటరే. వైట్‌లిస్ట్ (లోపలికి రానిచ్చేవాళ్ళ జాబితా) ఉన్నా లాభం లేదు, జాబితాలో ఆ పేరు ఉంది కదా.

పిల్లాడి మీద అనుమానం పోవాలంటే లాగ్స్ ఫోల్డర్ చూడండి. ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో, ఏ ఐపీ చిరునామా నుంచి వచ్చారో అక్కడ రాసి ఉంటుంది. పాత రోజులవి తేదీల వారీగా జిప్ అయి ఉంటాయి. ఆదివారం నాటిది వెంటనే పక్కన పెట్టించండి. మీ ఇంటి ఐపీ నుంచి కాకుండా వేరే చోటు నుంచి వాడి పేరు కనబడితే, స్నేహితులకి అది చూపిస్తే చాలు.

తర్వాత ఆ లైను 'ట్రూ' చేయించండి. ఒక చిక్కుంది: అలా మార్చగానే ప్రతి ఆటగాడి లోపలి గుర్తింపు సంఖ్య మారుతుంది, వాళ్ళ సంచుల్లో సామాను మాయమైనట్టు కనబడుతుంది. ఆపరేటర్ల జాబితా కూడా మళ్ళీ రాసుకోవాలి. పిల్లలకి ముందే చెప్పండి, లేకపోతే ఇంకో గొడవ. వైట్‌లిస్ట్ పెట్టుకోవాలి. చూడ్డానికి వచ్చేవాళ్ళని అడ్వెంచర్ మోడ్‌లో ఉంచితే ఊరికే గోడలు కొట్టలేరు. కోర్‌ప్రొటెక్ట్ అనే ప్లగిన్ వేసుకుంటే ఎవరు ఏ బ్లాకు తీశారో రాసిపెడుతుంది, వెనక్కి కూడా తిప్పుతుంది. కానీ అది వేసిన రోజు నుంచే. మొన్నటి పేలుడుకి పనికిరాదు.

బ్యాకప్ సంగతి కూడా చెప్పేస్తాను. సర్వర్ నడుస్తుండగా ఫోల్డర్ ఊరికే కాపీ కొడితే సగం రాసిన ఫైళ్ళు రావచ్చు. సర్వర్‌కి ముందు సేవ్ ఆఫ్ అనే కమాండ్, తర్వాత సేవ్ ఆల్, అప్పుడు వరల్డ్ ఫోల్డర్ కాపీ, ఆఖర్న సేవ్ ఆన్. ఆ కాపీ ఒకటి మీ ఇంట్లోనూ ఉంచుకోండి. సర్వర్ ఎవరింట్లో ఉంటే చార్మినార్ మొత్తం వాళ్ళింట్లోనే ఉన్నట్టు. రేపు పిల్లలు దెబ్బలాడుకుంటే మీ వాడి దగ్గర ఏమీ మిగలదు.

నకలు కొడతారన్న భయం మరీ పెట్టుకోకండి. సర్వర్‌లో తిరిగినవాడు తన కంటికి కనబడినంత మేర గోడల్ని దాచుకోగలడు, దానికి మాడ్లు (గేమ్‌కి తగిలించుకునే అదనపు ప్రోగ్రాములు) ఉన్నాయి. తెరవని పెట్టెల్లో ఏముందో మాత్రం వాడికి రాదు. గేమ్‌లో ఒక బ్లాకు ఒక మీటరు, చార్మినార్ ఒక్కో పక్క దాదాపు 20 మీటర్లు. కొలత తెలిసినవాడెవడైనా ఎలాగూ మళ్ళీ కట్టుకోగలడు.

ప్రశ్న: రోబ్లాక్స్‌లో నా గేమ్ మొత్తం కాపీ కొట్టి వేరే పేరుతో పెట్టారు. చిత్రంగా వాడి గేమ్‌లో షాపు పనిచెయ్యదు. నా షాపులో మాత్రం ఎవడో అన్నీ సున్నాకి కొంటున్నాడు!
– ఇంటర్ విద్యార్థి, మియాపూర్

జవాబు: వాడి షాపు ఎందుకు పనిచెయ్యదో తెలిస్తే నీ షాపు ఎందుకు దివాలా తీస్తోందో తెలుస్తుంది. వర్క్‌స్పేస్‌లో ఉన్న కట్టడాలు, రెప్లికేటెడ్‌స్టోరేజ్‌లో ఉన్నవి, లోకల్‌స్క్రిప్టులు ఆటగాడి కంప్యూటర్‌కి వెళ్తాయి, వాడు వాటినే ఎత్తుకెళ్ళాడు. సర్వర్‌స్క్రిప్ట్‌సర్వీస్‌లో ఉన్నవి రోబ్లాక్స్ సర్వర్ దాటి బయటికి రావు, నీ షాపు అసలు కోడ్ అక్కడుంది కాబట్టి వాడికి దొరకలేదు.

మరి సున్నాకి కొనడమెలా? నీ రిమోట్ ఈవెంట్ (ఆటగాడి వైపు నుంచి సర్వర్‌కి కబురు చేర్చేది) ఒకసారి చూసుకో. కత్తి పేరుతో పాటు ధర కూడా ఆటగాడి వైపు నుంచే పంపుతున్నావేమో. ధర వాడే చెప్తే సున్నా అనే చెప్తాడు. అటునుంచి రావాల్సింది వస్తువు పేరొక్కటే. ధర, జేబులో డబ్బు, రెండూ సర్వర్ తన పట్టికలో చూసుకోవాలి.

ఇంకో మాట: ఉచిత మోడళ్ళు తెచ్చి పెట్టుకుంటున్నావా? చెట్టు మోడల్ లోపల స్క్రిప్ట్ ఎందుకుంటుందని ఒక్కసారి అడుగు. దాన్ని తెరిచి, 'రిక్వైర్' పక్కన బ్రాకెట్‌లో పొడుగాటి నంబరు కనబడితే, అది ఎవరిదో బయటి కోడ్‌ని నీ సర్వర్‌లోకి లాక్కొస్తోంది. ఎవరిదో, ఎందుకో తెలియకపోతే పీకెయ్.

ప్రశ్న: మ్యాప్ దొంగ మీద కేసు పెట్టొచ్చా? కాపీరైట్ రిజిస్టర్ చేయించలేదు.
– బోడుప్పల్

జవాబు: నేను వకీల్ని కాను. చదివి తెలుసుకున్నంత చెప్తాను. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం సృష్టించిన క్షణం నుంచే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఉంటే ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది. 2012 సవరణలో 65ఎ, 65బి అని రెండు సెక్షన్లు చేరాయి. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణని ఛేదించడం మొదటిదాని కిందికి వస్తుంది. రచయిత పేరు, రచన పేరు లాంటి వివరాల్ని తెలిసి తెలిసి తీసెయ్యడం, మార్చడం రెండోదాని కిందికి. రెండిటికీ రెండేళ్ళ దాకా జైలు, జరిమానా ఉన్నాయి.

చదవడానికి బావుంది కదా! కోర్టు మెట్లెక్కే ముందు ఆ గేమ్ ఒప్పందం చదవండి. వార్‌క్రాఫ్ట్ 3 రీఫోర్జ్‌డ్ 2020లో వచ్చినప్పుడు, దాంట్లో చేసిన కస్టమ్ గేములన్నీ తమ ఆస్తేనని ఆ గేమ్ కంపెనీ బ్లిజార్డ్ నిబంధనల్లో రాసుకుంది. పాత గేముల నిబంధనలు వేరు, రోబ్లాక్స్‌వి వేరు. మ్యాప్ ఎవరిదన్న దగ్గరే చిక్కు పడొచ్చు.

మీ కేసులో తేలికైన దారి ఫైల్ పెట్టిన సైట్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపడం. 52వ సెక్షన్ కింద అలాంటి ఫిర్యాదు అందితే వాళ్ళు 21 రోజులు ఆ ఫైల్ అందుబాటు ఆపాలి, ఈలోపు కోర్టు ఉత్తర్వు రాకపోతే మళ్ళీ పెట్టుకోవచ్చు. అమెరికా సైటైతే 1998 నాటి డీఎంసీఏ అనే వాళ్ళ కాపీరైట్ చట్టం కింద నోటీసు ఇవ్వాలి. ఫిర్యాదుతో మీ పాత వెర్షన్లు, వాటి తేదీలు, మీరు దాచిన గుర్తులు జతచెయ్యండి. "నా కష్టం" అని రెండు పేజీలు రాస్తే ఎవరూ చదవరు. రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెడితే చూస్తారు.

ప్రశ్న: నేర్చుకోవడానికి ఇంకొకరి లాక్ చేసిన మ్యాప్ విప్పి చూస్తే తప్పా?
– ఉప్పల్

జవాబు: ముందు అడుగు. మ్యాపులు చేసేవాళ్ళు తమ ట్రిగ్గర్ల గురించి ఎవరైనా అడిగితే పొంగిపోతారు, సగంమంది అసలు ఫైలే పంపేస్తారు. అసలు డోటానే స్టార్‌క్రాఫ్ట్ అనే గేమ్‌లోని ఏయాన్ ఆఫ్ స్ట్రైఫ్ మ్యాప్ చూసి పుట్టింది. చూసి నేర్చుకోవద్దంటే ఈ రంగమే ఉండేది కాదు. పైగా గేమ్‌తో వచ్చే మ్యాపులు చాలావరకు వరల్డ్ ఎడిటర్‌లో మామూలుగానే తెరుచుకుంటాయి, ముందు వాటితో మొదలుపెట్టు. ఎవరి దగ్గరైనా ఒక పద్ధతో, మోడలో తీసుకుంటే వాళ్ళ పేరు రాయి. లోడింగ్ స్క్రీన్ మీద చోటు లేదంటావేమో, ఎఫ్9 నొక్కితే వచ్చే క్వెస్ట్ లాగ్‌లో బోలెడంత ఉంది.